ముందు చూసింది ఎవరు

మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకురావడం ఆ ఇంట్లో కోడలి పని. ఎవరూ ఆమెకు అప్పగించలేదు. ఎవరూ చెయ్యకపోతే అదే ఆమెదైపోయింది. రక్తపరీక్షల ల్యాబులో పొద్దంతా కూర్చుని చీటీలు రాసి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే మేడెక్కేది. ఎండాకాలంలో ఒక సాయంత్రం భర్త చొక్కాకున్న క్లిప్పు తీస్తూ తల పైకెత్తింది. పడమటి వైపు, నీళ్ళ ట్యాంకుల పైన, మూడు వెలుగులు. చప్పుడు లేదు. విమానమైతే మినుకుమినుకుమనేది. ఇవి పాలలో పసుపు కలిపిన రంగులో, నిలకడగా ఉన్నాయి. మూడూ దగ్గరికొచ్చి ఒకటయ్యాయి, కాసేపు కదలకుండా నిలబడ్డాయి, ఆ తర్వాత ఎవరో ఊదేసినట్టు ఆరిపోయాయి. చొక్కాను గుండెకు అదుముకుని ఆమె అలాగే ఉండిపోయింది. భయం వేయలేదు. ఎన్నాళ్ళకో తనకంటూ ఒకటి జరిగిందనిపించింది. పెళ్ళయ్యాక ఆమెకు జరిగినవన్నీ ఇంట్లోవాళ్ళకు జరిగినవే. భర్త బదిలీ, మామగారి మరణం, మరిది ఉద్యోగం. ఇది మాత్రం అచ్చంగా తనది.

అలాంటిదాన్ని దాచుకోవాల్సింది. ఆపుకోలేక భర్తకు చెప్పింది.

"నిద్ర సరిపోవట్లేదు నీకు," అని నవ్వాడాయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "బట్టలు తెమ్మంటే చుక్కలు లెక్కపెడుతున్నావా?"

అత్తగారు మాత్రం నవ్వలేదు. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఈ మాట ఇంకెక్కడా అనకు. నోరు మూసుకుంటే నీకే మంచిది," అంది. ఆయన నవ్వుకంటే ఆ కరుకుదనమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మాట ఆమె ఎక్కడా అనలేదు. భర్తే అన్నాడు. ఇంటికెవరొచ్చినా, "మా ఆవిడకి ఆకాశం నుంచి చుట్టాలొస్తారు, ఆవిడ్నే అడగండి," అనేవాడు. నవ్వులాటకేలే అనుకుని ఆమె కూడా నవ్వేది. పోనుపోను ఆ నవ్వు దవడల్లో నొప్పిగా మారింది. సంగతి ల్యాబు యజమానికీ చేరింది. చీటీలో చిన్న తప్పు దొర్లినా, "ఏమ్మా చుక్కలమ్మా, మళ్ళీ పైకి చూస్తున్నావా?" అనడం మొదలుపెట్టాడు. ఒక్కోసారి తనకే అనుమానం వచ్చేది. నిజంగా చూశానా? అలసిన కళ్ళు ఏదో కల్పించుకున్నాయా? అయినా మేడెక్కినప్పుడల్లా తల పడమటికి తిరిగేది, దొంగతనం చేస్తున్నట్టు.

వానలు వెలిశాక ఒక సాయంత్రం మరిది మేడ మీంచి దడదడమంటూ దిగి వచ్చాడు. "అన్నయ్యా! మూడు లైట్లు! నా కళ్ళతో చూశాను!"

భర్త టీవీ కట్టేశాడు. "వాడు ఊరికే అనే మనిషి కాదు," అంటూ మేడెక్కాడు. వెనకే పక్కింటివాళ్ళు. మరిదిని నిద్ర సరిపోలేదా అని ఎవరూ అడగలేదు.

మర్నాడు పత్రిక విలేకరి వచ్చాడు. మంచి కుర్చీలో మరిది, పక్కన భర్త. ఆమె టీ తెచ్చేసరికి విలేకరి మర్యాదకి అడిగాడు, "మీరూ చూశారామ్మా?"

"ఆవిడా? వంటిల్లు వదిలితే కదా!" ఆమె నోరు తెరిచేలోగా భర్త జవాబు చెప్పేశాడు.

ఇన్నాళ్ళూ ఊరందరికీ చాటి నవ్వించిన మనిషి, ఆ సంగతికి గౌరవం రాగానే అందులోంచి ఆమెను తీసేశాడు. ఆమె ట్రే బల్ల మీద పెట్టింది.

"చూశాను. ఎండాకాలంలోనే చూశాను. ఈ ఇంట్లోనే చెప్పాను. ముందు చూసింది నేను."

మరిది తల దించుకున్నాడు. "అవును, వదిన చెప్పింది. మేమే నవ్వాం."

భర్త ఏదో అనబోతుంటే వంటింటి గుమ్మం దగ్గర్నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"కాదు. అందరికంటే ముందు చూసింది నేను."

అందరూ అటు తిరిగారు.

"పెద్దాడు కడుపులో ఉండగా చూశాను. చెబితే పిచ్చి పట్టిందన్నారు. పురుడయ్యాక బిడ్డను నా చేతికివ్వడానికి కూడా జంకారు." ఆవిడ కోడలి వైపు చూసింది. "అందుకే నిన్ను నోరు మూసుకోమన్నాను. నీకూ ఆ గతే పడుతుందని భయపడ్డానే."

భర్త తన తల్లి ముఖంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. పెద్దాడంటే తనే. "అమ్మా, నాకెప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

కోడలు ఒక కుర్చీ లాగి అత్తగారిని కూర్చోబెట్టింది. ఇంకొకటి లాక్కుని పక్కనే తనూ కూర్చుంది. టీ చల్లారిపోతోందని ఎవరో గొణిగారు.

"వేడి చేసుకోండి, పొయ్యి లోపలే ఉంది," అంది వెనక్కి తిరగకుండా. అత్తగారి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"మొదట్నుంచీ చెప్పండి అత్తయ్యా. మధ్యలో ఎవరూ మాట్లాడరు."