శ్రావణంలో సూటు బట్ట

మల్లికార్జున్ దుకాణంలో అడుగుపెట్టాడంటే బేరం సంగతి తర్వాత, ముందు ఎవరో ఒకరికి మూడినట్టే. ఆ రోజు దొరికినవాడు టైలరు వేణు. నిజామాబాద్ బజారులో కింద బట్టలమ్మేదీ అతనే, పైన కుట్టించేదీ అతనే.

"వేణన్నా, మంచి సూటు బట్ట తియ్యి. శ్రావణమాసంల పెండ్లి. పిల్లగాడు ఈయ్ననే," అంటూ తన బావ ఆశన్నను ముందుకు తోశాడు.

వేణు ఆశన్న నెరిసిన మీసాల వంక చూసి, నవ్వాలో వద్దో తెలియక మెడలో టేపు సర్దుకున్నాడు.

"వాని మాటలినకు. పెండ్లి నా బిడ్డ సింధూజది. రాత్రి రిసెప్షన్‌కు నాకు సూటు గావాలె," అన్నాడు ఆశన్న కుర్చీలో కూలబడుతూ.

మోస్రాలో వరి పండించుకునే మనిషికి ఉన్నట్టుండి సూటు మీద మోజెందుకో బావాబామ్మర్దులకే తెలుసు. ఆశన్నకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చి వచ్చి మనిషి సగమయ్యాడు. సూదులు గుచ్చే ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బింది. పోయినేడు సింధూజకు కుదిరిన సంబంధంవాళ్లకు ఈ సంగతి చెప్పారు. "రేపు పిల్లకు గూడ గదే రోగమొస్తె?" అని వాళ్లు తప్పుకున్నారు. అందుకే ఇప్పటి బోధన్ సంబంధంవాళ్లకు చెప్పలేదు. పెళ్లిలో కనబడకుండా చేసే ఉపాయం మల్లికార్జున్‌ది. పొడుగు చేతులు, భుజాల్లో ప్యాడ్లు, లోపల అస్తరు. చెయ్యీ కనబడదు, ఎముకలూ కనబడవు. పుట్టిన దగ్గర్నుంచి జనాన్ని బురిడీ కొట్టించినవాడికి వియ్యంకుల్ని బురిడీ కొట్టించడం ఒక లెక్కా?

వేణు సన్నటి బట్ట పరిచాడు. "శ్రావణంల వాన కొట్టి ఆగినంక మస్తు ఉక్కపోస్తది కాకా. తేలికదే మంచిగుంటది. గాలాడుతది."

భుజం మీద వేసి చూశారు. బట్ట ఎక్కడికక్కడ జారి, మెడ కింద గుంతల్ని లెక్కపెట్టినట్టు చూపించింది.

"గిది ఏస్కుంటె బావ కనబడడు. బావ ఎక్స్‌రే కనబడ్తది," అన్నాడు మల్లికార్జున్.

వేణు రెండోది తీశాడు. చేతిలోకి తీసుకుంటే తడిసిన గోనెసంచి అంత బరువు. "గిది ఒంటికి అతుక్కోదు, దానంతటదే నిలబడ్తది. గని చలికాలం బట్ట. చెమటలు కారుతయ్. మాటిమాటికి నీళ్లు తాగాలె."

ఆశన్న ఎండిన పెదాలు తడుపుకున్నాడు. డాక్టరు అతనికి నీళ్లు కొలిచి తాగమన్నాడు. దాహమంటే భార్య చంద్రవ్వ గ్లాసు దాచేస్తుంది.

"నడిమి రకం సూపియ్యరాదు వేణన్నా," అన్నాడు మల్లికార్జున్.

నడిమి రకం కూడా వేశారు. భుజాలు కొంచెం దాగాయి, ఛాతీ దాగలేదు.

"మందందే కొయ్యి," అన్నాడు ఆశన్న.

"బావా, స్టేజి మీద పడిపోతవే!"

"పడ్తె ఉక్కకు పడ్డడంటరు. రోగమనరు గద."

కొలతలప్పుడు ఆశన్న ఎడమ చెయ్యి ఇవ్వలేదు. "కుడిది కొలువు. రెండు ఒక్కతీర్గనే ఉంటయ్," అన్నాడు. వేణు కుడిదే కొలిచి, బట్ట కోసి, మడతపెట్టాడు. మల్లికార్జున్‌కు హుషారొచ్చింది. సగం పెళ్లి అయిపోయినట్టే ఈల వేశాడు.

"మరి పొద్దుగాల కన్యాదానానికి కాకా? కొత్త పట్టుపంచెలొచ్చినయ్. కండువ గూడ జోడి," అన్నాడు వేణు.

ఈల ఆగిపోయింది.

వాళ్లింట్లో అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు తండ్రికి అంగీ ఉండదు. పంచె, కండువా, అంతే. ఎదురుగా మగపెళ్లివాళ్లందరూ కూర్చుంటారు. పళ్లెం మీదికి రెండు చేతులూ చాపాలి. ఇన్నాళ్లూ ఇద్దరూ కలిసి రాత్రిని కప్పే పనిలో పడి పొద్దుటి తంతునే మరిచారు.

"కండువ నిండుగ కప్పుకుంటె?" అన్నాడు మల్లికార్జున్.

"కడిగేటప్పుడు జారదా?"

"పంతులుకు నేను జెప్త. అంగీతోనే..."

"వాళ్ల పెద్దమనుషులు ఊకుంటరా? అంగీ ఎందుకు తియ్యవని అడుగుతరు."

మల్లికార్జున్ గొంతు తగ్గించాడు. "పోనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం బావా."

"చెప్పి ఒకసారి సూసినం గద. పిల్ల మూడు నెలలు బయటికి రాలె."

వేణుకు ఏం అర్థమైందో గానీ, పనున్నట్టు పక్కకు జరిగాడు. ఆశన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మల్లిగా, నువ్వు, నీ పెండ్లాం సవిత కూసోండ్రి పీటల మీద. కాళ్లు నువ్వే కడుగు."

"బిడ్డ నీది బావా! ఏమని జెప్పాలె జనానికి?"

"మేనమామకు మొక్కుండెనని జెప్పు. నువ్వు నవ్వుకుంట జెప్పు, నమ్ముతరు."

"సింధూజకో?"

ఆశన్న పంచెలు తెమ్మని వేణుకు సైగ చేశాడు.

మల్లికార్జున్ నోరు తెరిచాడు. ఏదో ఒక మాట వస్తుందని తనకే నమ్మకం. పెళ్లిలో, చావులో, పోలీస్ స్టేషన్లో కూడా వచ్చింది. ఇక్కడ రాలేదు.

వేణు పంచెల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఎవరికి సూపియ్యాలె?"

"వానికి," అన్నాడు ఆశన్న. కుర్చీలోంచి లేవలేదు గానీ కట్ట దగ్గరికి లాక్కున్నాడు. మల్లికార్జున్ వద్దనే లోపే ఒక్కొక్క పంచె అంచూ వెలుతురులో తిప్పి చూడటం మొదలుపెట్టాడు.