బల్ల పెరిగిన కడుపు

ఆ రోజు ఇంట్లో అత్త లక్ష్మీనర్సమ్మ ఉంది, మొగుడు రాంచందర్ ఉన్నాడు, వాతలు పెట్టే సోమక్క వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. ఇంకొకతె కూడా ఉంది గానీ, పని చెప్పేటప్పుడు తప్ప ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కోడలు సమ్మమ్మ. దుకాణానికి అటుకులు దంచుతోంది. వరంగల్ బజారులో వాళ్ల అటుకులకు పేరుంది. పేరు చనిపోయిన మామది, గల్లాపెట్టె మొగుడిది, రోకలి ఆమెది.

రెండు పోట్లకొకసారి ఆగి ఎడమ డొక్క అదిమి పట్టుకుంటోంది. చలిజ్వరం వచ్చిపోయినప్పుడల్లా అక్కడ గట్టిగా ఏదో పెరుగుతూ వచ్చింది. మొదట్లో అత్త మురిసిపోయింది. కోడలు నెల తప్పిందని వాడకట్టంతా చెప్పి, రోజూ గిన్నెడు పెరుగు పెట్టింది. ఏడాది తిరిగినా కాన్పు లేదు. పెరుగు ఆగిపోయింది. అది తనకు కాదు, కడుపుకు పెట్టిందని సమ్మమ్మకు అప్పుడు తెలిసింది. తిని కూర్చుంటే కడుపు పెరగదా అన్నాడు మొగుడు. తాను కూర్చున్నది ఎప్పుడో ఆమెకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వడ్లు కాస్త మాడినా అతను తన్నడానికి కాలెత్తేవాడు. చివరికి అది కడుపులో గడ్డలా పెరిగే బల్ల అని తేల్చారు. బల్లకు మందు వాత. ములుగు పక్క పల్లెలో, సమ్మమ్మ పుట్టింట్లో, ఆమె తమ్ముడి కడుపు మీదా అట్లాగే వాతలు పెట్టారు. పుండ్లు మానాయి. పిల్లవాడు దక్కలేదు.

సోమక్క నిప్పుల్లోంచి కొడవలి తీసి చూసి, "ఇంక జర ఎర్రగ గావాలె" అంది.

"కాళ్లు వట్టు కొడుకా," అంది అత్త. రాంచందర్ లేచాడు.

సమ్మమ్మ రోకలి పక్కన పెట్టింది. మూలనున్న కుండెత్తి నీళ్లన్నీ పొయ్యిలో గుమ్మరించింది. బుస్సుమని లేచిన బూడిదకు సోమక్క మొహం తెల్లబడింది.

"నేను దవాఖానకు పోత."

"మా ఇంటి కోడలు బజార్ల నడుస్తదా?"

"అటుకుల గంప నెత్తికెత్తి తోలినప్పుడు నడిచిన గద అత్తా."

అంత మాట అనేసి ఆమె కొంగు నడుముకు దోపి గడప దాటింది. కాళ్లు ఎక్కడా ఆగలేదు. ముందు ఆమె, వెనుక మొగుడు, అత్త, ఏం జరుగుతుందో చూద్దామని సోమక్క. ఎటు పోతున్నారని దుకాణాల వాళ్లు అడిగితే మొక్కు తీర్చుకోను పోతున్నామని రాంచందర్ తల వంచుకుని చెప్పాడు.

ఆడవాళ్లకే పెట్టిన జనానా దవాఖాన వరండాలో డాక్టరమ్మ ఆమె డొక్క తడిమి చూసింది.

"మీరు బల్ల అనేది దీన్నే. ప్లీహం. అందరికీ ఉంటుంది. రక్తాన్ని జల్లెడ పట్టి చెత్త ఏరేస్తుంది. చలిజ్వరం వచ్చినప్పుడల్లా పని మీద పడి ఇంతగా ఉబ్బింది. ఉబ్బేదాకా అది ఉందనే ఎవరికీ తెలియదు."

సమ్మమ్మ అక్కడ చెయ్యి పెట్టుకుంది. లోపల తనలాంటిదే ఒకటి ఉందన్నమాట.

డాక్టరమ్మ రాంచందర్ వైపు తిరిగింది. "ఇక్కడ ఒక్క దెబ్బ తగిలినా పగులుతుంది. మనిషి దక్కదు." అతను తన కాలి వైపు చూసుకుని, చూపు ఎటు తిప్పాలో తెలియక స్తంభాన్ని చూశాడు.

చలిజ్వరానికి కొయినా మందు ఇచ్చి కొన్నాళ్లు ఇక్కడే ఉంచుకుంటానంది డాక్టరమ్మ. మందు చేతికిస్తే ఇంటికాడే మింగుతుందని అత్త బతిమాలింది. "అటుకులు ఎవలు దంచాలె తల్లీ?"

డాక్టరమ్మ ఇటు తిరిగింది. "నువ్వేమంటావమ్మా?"

ఎవరిని అడిగిందోనని సమ్మమ్మ వెనక్కి తిరిగి చూసింది. అక్కడ గోడ తప్ప ఎవరూ లేరు. తననే. పెళ్లికి ముందు గానీ తర్వాత గానీ ఆ మాట ఆమెను ఎవరూ అడిగి ఉండలేదు. జవాబు మాత్రం ఎన్నాళ్లుగానో నోట్లోనే ఉన్నట్టు వచ్చింది.

"ఉంట. ఈ జ్వరం పోయిందాక ఉంట. దంచుడు సంగతి అటెనక నేనే చెప్త."

అత్త నోరు తెరిచింది. రాంచందర్ వార్డు గడపలో కాలు పెట్టబోయాడు. మగవాళ్లు రావద్దని, రోగి వెంట ఇంకెవరూ వద్దని ఆయా అడ్డం నిలబడి, సమ్మమ్మను లోపలికి తీసుకుని, వాళ్లందరినీ బయటే ఉంచి తలుపు వేసేసింది.