జానెడు పక్కన

మధ్యాహ్నం భోజనాల వేళకు రాళ్ల కార్ఖానాలో కోత మిషన్లన్నీ ఆగిపోతాయి. ఆ కాస్త నిశ్శబ్దం కోసమే కొత్త కోడలు క్యారేజీ తానే తెస్తానని పట్టుబట్టింది. పెళ్లయి నెల తిరగలేదు. కనుబొమల నిండా రాతిపొడితో మొగుడు ముసలాడిలా ఎదురొస్తే ఆమెకు నవ్వాగేది కాదు. రుమాలుతో ఒక కనుబొమ తుడిచి, రెండోది కావాలనే వదిలేసేది.

ఆ రోజు షెడ్డు మధ్యలో దిమ్మెల మీద ఒక పెద్ద గ్రానైట్ పలక పడుకోబెట్టి ఉంది. మూడు మూలలది. దాని మీద ఒక సుద్దగీత, గీత మీద బిగించిన బోల్టు.

"ఈ బోల్టు ఇక్కడెందుకు పెట్టారండీ?"

"నాన్న లెక్క. పైమూల నుంచి మూలమట్టం పెట్టి, అడుగు అంచు దాకా నిటారుగా గీత కొడతాడు. ఆ గీతలో కింద నుంచి మూడో వంతు దగ్గర బోల్టు. కొక్కెం తగిలిస్తే పలక తొణక్కుండా లేస్తుంది. నేను పుట్టకముందు నుంచీ ఇంతే."

"అవన్నీ రెండు పక్కలూ సమానంగా ఉన్న పలకలై ఉంటాయి. వాటికి నిటారు గీతా, మధ్యగత రేఖా ఒకటే. ఇది చూడండి, ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు."

"మధ్యగతమా? బళ్లో నన్ను గోడకుర్చీ వేయించింది అదేనా, టీచరమ్మా?"

"అదే. పైమూల నుంచి అడుగు అంచుకు సరిగ్గా సగంలోకి గీస్తే మధ్యగతం. మూడు మూలల నుంచీ అలా గీస్తే, మూడూ ఒకచోటే కలుస్తాయి. బరువుకు నడిమధ్య అదే. బోల్టు అక్కడుండాలి."

అతను అట్టపెట్టె చింపి, పలక ఆకారంలోనే చిన్న ముక్క కత్తిరించాడు. దాని మీద రెండు గుర్తులూ పెట్టి, ఇద్దరూ తలలు ఆనించుకుని పెన్సిలు మొన మీద నిలబెట్టి చూశారు. మామగారి గుర్తు దగ్గర అట్ట వాలి పడింది. ఆమె గుర్తు దగ్గర ఆకులా తేలుతూ నిలిచింది.

"నిలబడిందే!" అన్నాడతను, లాటరీ తగిలినట్టు. "దీనికి ఫ్రేము కట్టిద్దాం."

మామగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, అట్టనూ పలకనూ మార్చి మార్చి చూశారు.

"జానెడు తేడా వస్తోంది. కానీ ఇంకో కన్నం వేస్తే రాయి బీట ఇస్తుందమ్మా. లారీ గేటు దగ్గరే ఉంది. జానెడే కదా, చెయ్యేసి ఆపుకుంటాం."

"కింద నుంచి పట్టీలు వేసి లేపకూడదా మామయ్యా?"

"పట్టీలు తెప్పించేసరికి పొద్దు గూకుతుంది." ఆయన అప్పటికే పొడుగు పక్క అంచు కింద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

"ఎటు వాలుతుంది?" భర్త ఆమెను మెల్లగా అడిగాడు.

ఆమె మామగారు నిలబడ్డ వైపు చూపించింది.

అతను వెళ్లి తండ్రిని భుజంతో పక్కకు నెట్టాడు. "ఆ మోకాళ్లతో నువ్వేం ఆపుతావు నాన్నా? నువ్వు కప్పీ గొలుసు లాగు."

"ఏమండీ, వద్దు," అంది ఆమె. మామగారు సణుక్కుంటూ గొలుసు అందుకున్నారు.

పలక లేచింది. పొట్టి పక్క పైకి, పొడుగు పక్క కిందికి. అతని చెయ్యి చాల్లేదు. భుజం ఆనించాడు. పలక మొత్తం నిటారుగా తిరగబడి, బోల్టు రాయిని చీల్చుకుని ఊడిపోయింది.

ఆసుపత్రిలో అతని రెండు కాళ్లూ మోకాళ్ల కింది నుంచి తీసేశారు. వరండా బల్ల మీద మామగారు తన చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నారు.

"అక్కడ నిలబడింది నేనమ్మా. నా మోకాళ్ల గురించి వాడు ఏనాడూ అడిగింది లేదు. ఇవాళెందుకు నెట్టాడు?"

అబద్ధం కోసం ఆమె చాలాసేపు వెతుక్కుంది. దొరకలేదు.

"ఎటు వాలుతుందో నేను చెప్పింది ఆయన నమ్మారు మామయ్యా."

నర్సు తలుపు తీసి, "మెలకువ వచ్చింది. మిమ్మల్నే అడుగుతున్నారు," అంది.

ఆమె లేచింది. దుప్పటి చదునుగా పడి ఉన్న చోటికి చూపు జారకుండా, అతని ముఖాన్నే చూస్తూ లోపలికి నడిచింది.