ముందరికాళ్ల బంధం

నేను ఒక బంధాన్ని. చుట్టరికాల బంధం కాదు. గుర్రం మేతకు వెళ్లినప్పుడు దూరం పోకుండా ముందరికాళ్లకు వేసే నారతాడును. ఆదోని స్టేషను దగ్గర జట్కా తోలే దూదేకుల దస్తగిరి తన తొడ మీద నన్ను పేనాడు. మైనా అనే గుర్రం కాళ్లకు నన్ను కట్టినా, ఒరుసుకోకుండా గుడ్డ చుట్టేవాడు. అడ్డుపడటమే నా పని. అందులో నాకు సిగ్గేమీ లేదు. మనుషులు మాత్రం అదే పని చేస్తూ దానికి పరువు అని పేరు పెట్టుకుంటారు.

జట్కా బోల్తాపడి దస్తగిరి తుంటి విరిగింది. ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి కూతురు హుసేనమ్మ పగ్గాలు పట్టింది. జట్కాల స్టాండు పెద్ద వీరభద్రప్పకు ఒళ్లు మండింది. స్టాండులో దస్తగిరి చోటు తన బామ్మర్దికి ఇప్పించాలని ఎప్పట్నుంచో అతని ఆశ.

"ఆడపిల్ల బండి తోల్తే స్టాండు మర్యాద ఏం గావల్ల?" అన్నాడు.

ఆమె మర్నాడూ బండి కట్టింది. అతనూ ఊరుకోలేదు. పొద్దున్నే ఆమె నీళ్లకు వెళ్లగానే జట్కాలోంచి నన్ను తీసి, తడిపి, మైనా కాళ్లకు పీటముడి వేసేవాడు. తడిసిన ముడి ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. ఆమె గోళ్లు చిట్లేలా నన్ను విప్పేసరికి రైలు దిగినవాళ్లంతా వేరే బళ్లెక్కి పోయేవారు.

ఒక్క సుగుణమ్మ టీచరు మాత్రం ఎండలో నిలబడి ఎదురుచూసేది. ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఒకరోజు జట్కా కదిలాక అంది: "ఇంపీడ్ అని ఇంగ్లీషులో ఒక మాటుంది హుసేనమ్మా. లాటిన్‌లో కాలు అనే మాటలోంచి పుట్టింది. కాళ్లకు బంధం వేయడమని దాని మొదటి అర్థం. ఇప్పుడు ఏ పనికి అడ్డం పడినా ఆ మాటే వాడతారు."

హుసేనమ్మ పకపకా నవ్వింది. "అయితే వాళ్ల ఊర్లల్లో గూడా వీరభద్రప్పలు ఉండారన్నమాట! దానికి ఎదురుమాట లేదా టీచరమ్మా?"

"ఉంది. ఎక్స్‌పిడైట్. కాళ్లను బంధంలోంచి విడిపించడం. ఇప్పుడు పని తొందరగా సాగించడానికి వాడతారు."

హుసేనమ్మ ఆ మాటను దారిపొడవునా రెండు మూడుసార్లు పలికి చూసుకుంది.

మర్నాడు రైలు వచ్చే వేళకు వీరభద్రప్ప దాపరికం కూడా మానేశాడు. అందరూ చూస్తుండగానే ముడి బిగించి లేచాడు.

"విప్పు మామా," అంది హుసేనమ్మ.

"నువ్వే విప్పుకో. అప్పటికి జనం ఉంటే ఎక్కించుకో."

ఆమె జట్కాలోంచి గడ్డి కోసే కొడవలి తీసింది. వీరభద్రప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె అతని వైపు చూడనైనా లేదు. మైనా ఎదుట మోకరిల్లి, గిట్టల నడుమ కొడవలి పెట్టి నన్ను కోసింది.

"ఇంగ విప్పేది లేదు మామా. కట్టినప్పుడల్లా కోస్తా. నీకాడ ఎన్ని తాళ్లుండాయో నేనూ చూస్తా."

వృద్ధుడొకడు తన పెట్టెతో వచ్చి ఆమె జట్కా ఎక్కాడు. వెనకే ఇద్దరు ఆడవాళ్లు ఎక్కారు.

ఆ సాయంత్రం హుసేనమ్మ ఇంటికి తెచ్చిన నా ముక్కలను దస్తగిరి చేతిలోకి తీసుకున్నాడు. "ఇంకోటి పేనల్లా?" అన్నాడు.

"మైనాకైతే పేను నాయనా. నాకైతే వద్దు."

అతను నవ్వి, నారకట్ట దగ్గరికి లాక్కున్నాడు.

వీరభద్రప్ప మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. ఈనాటికీ ఆమెతో మాట్లాడడు. కానీ ఆమె జట్కా వచ్చినప్పుడు తన బండి పక్కకు జరుపుకుంటాడు.

మర్నాడు హుసేనమ్మ నన్ను తెచ్చి పారేసిన స్టాండు వెనక పెంటకుప్ప మీదే ఇప్పుడు ఉన్నాను. జాలి పడనవసరం లేదు. ఇన్నాళ్లూ నాకు కనబడింది రెండు గిట్టలే. ఇక్కడినుంచి బడి దాకా రోడ్డంతా కనిపిస్తుంది. అదుగో, హుసేనమ్మ జట్కా మీద నిలబడి పగ్గాలు వదులు చేసింది. మైనా పరుగెత్తుతోంది.