పేమాస్టరుకు పూచీ ఎవరు?

అమెరికా రేవుపట్నం పోర్ట్స్‌మత్‌లో లిడియా తన భర్త అసా నౌకాదళపు నీలం కోటును ఇస్త్రీ చేయడం రెండు నెలల్లో అది నాలుగోసారి. ఆయన దాన్ని ఒక్కసారీ తొడుక్కోలేదు. అసా వింగేట్‌కు నౌకాదళంలో జీతాలు పంచి, నావికులకు బట్టలూ బూట్లూ కొనిపెట్టే పేమాస్టరు ఉద్యోగం వచ్చింది. అయితే అతని చేతిలో సర్కారు సొమ్ము పోతే తాము కడతామని ఇద్దరు ఆస్తిపరులు పూచీకత్తు రాయాలి, వారి ఆస్తి చాలునని జడ్జి ధ్రువీకరించాలి, ఆపైన వాషింగ్టన్‌లోని గుమాస్తాలు ఆమోదించాలి. అప్పటిదాకా ఓడా లేదు, జీతమూ లేదు.

పాఠకులారా, ఆ కాగితం పడ్డ పాట్లు వినండి. జడ్జి తేదీ వేయలేదని మొదటిసారి తిరిగొచ్చింది. మొదటి సంతకం చేసిన లిడియా మేనమామ తాళ్ల కార్ఖానా ఆయన భార్య పేరిట ఉందని రెండోసారి. ఆయన దాన్ని తన పేరిట మార్పించుకున్నాడు. ఈలోగా, సంతకం చేసిన రెండో మనిషి, ముసలి కెప్టెన్, కన్నుమూశాడు. కాగితం మూడోసారి తిరిగొచ్చింది.

"సంతకం పెట్టినప్పుడు బతికే ఉన్నాడు కదండీ!" లిడియా ఇస్త్రీపెట్టె ఠక్కున దించింది. "ఆ గుమాస్తాలకు ఇంకేం కావాలట?"

"చావని ఆస్తిపరుడు" అన్నాడు అసా.

అలాంటివాడి కోసం ఊరంతా తిరిగాడు. చివరికి బూట్ల వ్యాపారి జెథ్రో ఫర్నాల్డ్ తానే పిలిచాడు.

"దానికేముందోయ్, నేను పెడతా సంతకం. నీ ఓడవాళ్లకు బూట్లు మాత్రం మన కొట్లోనే కొను. మనలో మనకేంటి?"

అసా ఆ సంగతి జడ్జితో చెప్పేశాడు.

"ఆస్తి ఉందా లేదా చూడడం వరకే నా పని, బాబూ. నీ దగ్గర ఏం అడిగాడో చూడమని చట్టంలో లేదు" అంటూ జడ్జి ముద్ర వేశాడు.

అసాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఇంట్లో పొయ్యిలోకి కట్టెలు కూడా లేవు. కాగితం అందుకున్నాడు. ఈసారి పదిరోజుల్లో ఆమోదం వచ్చింది.

ఓడ బయలుదేరిన మూడో వారం, వానలో పనిచేసిన ఒక నావికుడు ఫర్నాల్డ్ కొట్లో కొన్న బూటు ఊడిపోతే తెచ్చి అసా బల్ల మీద పెట్టాడు. అడుగున తోలుకు బదులు అట్ట, నాని ముద్దైంది.

"దీనికి నా జీతంలో రెండు డాలర్లు పట్టుకున్నారు దొరా! ఇది తొడుక్కునేదా, నానబెట్టుకు తినేదా?"

అసా సిగ్గుతో కలం అందుకున్నాడు. వెంటనే వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు.

"అయ్యా, ఇకపై ఫర్నాల్డ్ బూట్లు కొనను. ఆయన పూచీ రద్దు చేసుకుంటే నా ఉద్యోగం పోతుంది, పోనివ్వండి. మా పేమాస్టర్లకు పూచీ ప్రభుత్వమే పడి, అందుకు మా జీతంలో కొంత పట్టుకోవాలి. పేదవాడి నిజాయితీకి ధనవంతుడి సంతకం కావాలన్నంత కాలం, ఆ సంతకం ఖరీదు నావికులే చెల్లిస్తారు."