బంగాళాదుంపలు ఉడకని చోటు

"ఏమైనా, నీకు మంచి రెస్ట్ దొరికింది" అన్నారు మా ఆయన, కొండల నుంచి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న, పేపరు తిరగేస్తూ. నేనప్పుడు బాల్కనీలో కూర్చుని అందరి స్వెట్టర్లూ, మేజోళ్ళూ తిరగేసి, జేబులు తడిమి మషీన్‌లో వేస్తున్నాను. మా చిన్నోడి జేబులో సగం కొరికిన చాక్లెట్ కరిగి గుడ్డకి అతుక్కుపోయింది. దాన్ని గోటితో గీకుతూ, ఈయన ఎవరితో మాట్లాడుతున్నారా అని వెనక్కి తిరిగి చూశాను. నాతోనే.

ఆ ప్రయాణం నా కోరికే, కాదనను. నేను పళ్ళ డాక్టరమ్మ దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. నా కుర్చీకి ఎదురుగా గోడ మీద పెద్ద ఫోటో ఉంటుంది. మంచు కొండ, దాని కింద నల్లటి అడవి. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళకి కాస్త భయం తగ్గుతుందని డాక్టరమ్మ తగిలించింది. వాళ్ళ భయం సంగతి నాకు తెలియదు గానీ, నాకు మాత్రం ఆశ పుట్టింది. ఫోన్‌లో ఎవరో పంటి నొప్పితో నా మీద విసుక్కుంటుంటే, "అలాగేనండీ, అలాగేనండీ" అంటూ కళ్ళతో ఆ కొండ ఎక్కేదాన్ని. ఒక్కసారి దాని ఎదురుగా కూర్చోవాలి, అంతే. ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా ఈ ఏడు ఈయన సరేనన్నారు. సరేనని, అత్తగారినీ, మా ఆడపడుచునీ కూడా రమ్మన్నారు. "అమ్మకి హోటల్ తిండి పడదు. అందుకే వంటగది ఉన్న ఇల్లు తీసుకున్నాను" అన్నారు, నాకేదో నగ చేయించినట్టు.

కారులో ఒక కిటికీ అత్తగారిది, ఆవిడకి గాలి కావాలి. రెండో కిటికీ చిన్నోడిది, వాడు చిన్నవాడు. చిన్నవాడంటే తొమ్మిదో తరగతి. ఆడపడుచు ముందు సీట్లో కూర్చుంది. "నువ్వు మధ్యలో కూర్చో, నీకు కళ్ళు తిరగవుగా" అన్నారు ఈయన. ఎందుకు తిరగవు? తిరిగాయని చెప్పే తీరిక ఉండదు, అంతే. కొండ మలుపులు మొదలైన దగ్గర్నుంచి అత్తగారి మూతి దగ్గర కవరు పట్టుకుని కూర్చున్నాను. "అదిగో లోయ!" అన్నాడు చిన్నోడు. "అబ్బ, జలపాతం చూడు వదినా!" అంది ఆడపడుచు. లోయనీ, జలపాతాన్నీ నేను చెవులతోనే చూశాను.

ఇల్లు బాగుంది. ముందు వరండా, వరండాకి ఎదురుగా కొండ. వంటగది మాత్రం వెనకవైపు. దాని కిటికీలోంచి ఒక నీళ్ళ ట్యాంకూ, పక్కింటివాళ్ళ పాచి పట్టిన గోడా కనిపిస్తాయి. కొండ కూడా ఎప్పుడూ కనిపించేది కాదట, మబ్బు కమ్ముకునే ఉంటుందట. పొద్దున్నపూట కాసేపు తెరిపి ఇస్తే ఇచ్చినట్టు. పొద్దున్నపూట నేనెక్కడుంటానో వేరే చెప్పాలా?

నేను చేసిన తప్పు కుక్కర్ మర్చిపోవడం. అత్తగారి మందులు, వేడినీళ్ళ సంచీ, ఈయన చెప్పులు, చిన్నోడి ఛార్జర్, ఆడపడుచు ముఖానికి రాసుకునే క్రీములతో సహా అన్నీ సర్దినదాన్ని, కుక్కర్ మర్చిపోయాను. ఆ ఎత్తులో గిన్నెలో పడేసిన బంగాళాదుంపలు ఎంతకీ ఉడకవు. నీళ్ళు తెర్లుతూనే ఉంటాయి, దుంపలు రాళ్ళలా ఉంటాయి. ఈయన సోఫాలో కాళ్ళు చాపుకుని చిన్నోడికి సైన్స్ పాఠం చెప్పారు. "ఎత్తుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయిరా. అందుకే మీ అమ్మ కూర అలా ఉంది." ఇద్దరూ నవ్వుకున్నారు. అత్తగారు పళ్ళెం పక్కకి నెట్టి, "కూరకి పళ్ళు కావాలి, నాకు లేవు" అన్నారు. ఆవిడ ఆ మాట సరదాగానే అన్నారు. నేను వెళ్ళి ఆవిడ పళ్ళెంలో ముక్కలు మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.

ఆడపడుచు మీద నాకు కోపం లేదు. ఒకరోజు వంటగది గుమ్మంలో నిలబడి, "సాయం చెయ్యనా అని అడగట్లేదని ఏమనుకోకు వదినా. మా ఇంట్లో నా బతుకూ ఇంతే. ఈ నాలుగు రోజులైనా కాళ్ళు చాపుకుంటా" అంది. మాట అబద్ధం కాదు. అది కాళ్ళు చాపుకోవాలంటే నా కాళ్ళు నిలబడి ఉండాలి, అదొక్కటే చిక్కు.

చివరి రోజు పొద్దున్న టీ పెడుతున్నాను. వరండాలోంచి ఒక్కసారిగా కేకలు. "అమ్మా, కొండ! మొత్తం కనిపిస్తోంది, తొందరగా రా!" చిన్నోడి గొంతు అంత సంతోషంగా విని ఎన్నాళ్ళయిందో. చెయ్యి తుడుచుకుని గుమ్మం దాకా వచ్చాను కూడా. అంతలో ఈయన గొంతు. "వచ్చేటప్పుడు ఆ టీ పట్టుకొచ్చెయ్!"

వెనక్కి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు, పదిహేడేళ్ళుగా కాళ్ళకి అదే అలవాటు. వడగట్టాను, కప్పుల్లో పోశాను, అత్తగారికి చక్కెర లేనిది విడిగా కలిపాను, ట్రే పట్టుకుని ఒలక్కుండా వరండాలోకి వచ్చాను. ఎదురుగా తెల్లగా మబ్బు, ఉతికి ఆరేసిన దుప్పటిలా. "అయ్యో, మిస్సయిపోయావే! ఇప్పుడే మూసుకుంది" అన్నారు ఈయన కప్పు అందుకుంటూ. "ఫోటో తీశాన్లే, చూడు." ఫోన్‌లో చూశాను. క్లినిక్‌లో గోడ మీద ఇంతకన్నా బాగుంటుంది. అత్తగారు ఒక గుక్క తాగి, "చల్లారిపోయింది" అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. చెప్పలేనంత అలసట వచ్చింది. అక్కడే నేల మీద చతికిలబడాలనిపించింది.

తాళాలు తీసుకోవడానికి ఆ ఇల్లు చూసుకునే ఆవిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. గిన్నెలు తోమి బోర్లిస్తున్న నన్ను చూసి నొచ్చుకుంది. "అదేంటమ్మా, అంతా మీరే చేసుకున్నారా? అద్దెలో నా వంట కూడా కలిసే ఉంది. నేను ఫోన్ చేస్తే సారు వద్దన్నారు. 'మా ఆవిడకి ఇంకొకరి చేత చేయించుకోవడం నచ్చదు, తన వంటగదిలోకి ఎవరినీ రానివ్వదు' అన్నారు." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా ఇష్టాయిష్టాలు ఇంత వివరంగా ఎవరికి చెప్పాను నేను? ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, తలుపుకి తాళం వేస్తూ తన నంబరు ఇచ్చింది. "మళ్ళీ రండమ్మా, ఈసారి నా చేతి వంట తిందురు గాని." కారులో మళ్ళీ మధ్య సీట్లో కూర్చున్నాను. కిందికి దిగేదాకా ఆ నంబరు రాసిన కాగితం గుప్పిట్లోనే పట్టుకున్నాను. ఎవరూ గమనించలేదు.

మర్నాడు, ఆ బట్టలన్నీ ఆరేసి, డ్యూటీకి వెళ్ళాను. డాక్టరమ్మ మాస్కు కిందికి లాక్కుని నా బల్ల దగ్గరికే వచ్చింది. "ఎలా ఉంది? ఈ ఫోటోలో ఉన్నట్టే ఉందా? మా వాళ్ళు కూడా వెళ్దామంటున్నారు. చెప్పు, చూడదగ్గదేనా?"

నోరు తెరిచాను. ఏదో ఒకటి చెప్పేయొచ్చు. చాలా బాగుంది, స్వర్గంలా ఉంది అంటే సరిపోయేది. నా నోట్లోంచి మాత్రం, "అక్కడ బంగాళాదుంపలు ఉడకవండీ" అని వచ్చింది. ఆవిడ పగలబడి నవ్వింది. నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆవిడ నవ్వు ఆపి, నా ముఖంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నేనే వెళ్ళి, వచ్చే నెలలో సెలవు అడిగాను. ఇస్తానంది. బయటికొచ్చి, ఆ ఇల్లు చూసుకునే ఆవిడకి ఫోన్ చేశాను. "ఒక్కరేనా అమ్మా?" అంది. ఒక్కదాన్నే అన్నాను. "వంట నాదే" అంది ఆవిడ, నేను అడక్కముందే.

ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. అందరికీ వడ్డించి, నేనూ వడ్డించుకుని, కూర్చుని చెప్పాను.

"ఒక్కదానివే? బస్సులో?" అన్నారు ఈయన. "మతి పోయిందా?"

"మరి ఇక్కడ వంట?" అన్నారు అత్తగారు.

"కుక్కర్ ఇక్కడే ఉందిగా" అన్నాను. చిన్నోడు ముద్ద మింగకుండా నన్నే చూస్తున్నాడు.

"ఎవరైనా వింటే నవ్వుతారు" అన్నారు ఈయన. ఆయన గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. నిజంగానే అర్థం కాక అడిగారు. "మొన్నేగా వెళ్ళొచ్చాం?"

"మీరు వెళ్ళొచ్చారండీ" అన్నాను. "నేనింకా వెళ్ళలేదు."