తిరుపతమ్మ కాలువకిచ్చిన ఎద్దులు

తిరుపతమ్మ పని చేశాక అడిగే మనిషే గానీ, అడిగి చేసే మనిషి కాదు. అరవై రెండేళ్లుగా అదే వరస. ఆ వరస వల్ల ఇంట్లో కొన్ని కుండలు పగిలాయి, ఒకటి రెండు చుట్టరికాలు చెడాయి. అయినా ఆమెకు పెద్ద నష్టమేమీ రాలేదు. మొన్న జూన్‌లో, మట్టెద్దుల అమావాస్య నాడు మాత్రం వచ్చినంత పనైంది.

గద్వాల దగ్గర ధరూర్ దాటాక కృష్ణానది వైపు ఊళ్లలో ఆ అమావాస్య పెద్ద పండగే. ఒండ్రుమట్టితో జోడెద్దులు చేసి, పసుపు కుంకుమ పెట్టి, బెల్లం నైవేద్యం చూపించి, పూజయ్యాక నీళ్లలో విడుస్తారు. తిరుపతమ్మ ఇంట్లో ఏటా ఆ ఎద్దుల్ని చేసేది మనవరాలు శ్రుతి. తొమ్మిదో తరగతి పిల్ల. పండగ పొద్దున బడికి పోతూ పోతూ వాకిట్లోంచే కేకేసింది.

"అవ్వా, ఎద్దులు చేసి పెట్టిన. పూజ చేసుకో!"

ఎక్కడ పెట్టిందో చెప్పలేదు. తిరుపతమ్మ అడగనూ లేదు. ఎందుకడుగుతుంది?

కొట్టంలోకి పోతే మూలన పాత చీర కింద ఎద్దులు ఉండనే ఉన్నాయి. ఈసారి వాటి తీరే వేరు. రెండూ ఒకే మట్టి పలక మీద ఉన్నాయి. ఒకటి పడుకుని ఉంది, రెండోది నిలబడి మెడ వంచి దాన్ని నాకుతోంది.

"పండగ పూట పడుకున్న ఎద్దేందే తల్లీ!" అని తిరుపతమ్మ ముక్కున వేలేసుకుంది. బళ్లోకి కొత్తగా వచ్చిన బొమ్మల టీచర్ నేర్పిన షోకు కాబోలు అనుకుంది. కొడుకూ కోడలూ పత్తి గింజలు పెట్టడానికి చేనుకు పోయారు. ఆగమని చెప్పే దిక్కు ఇంట్లో లేదు. బొట్లు పెట్టింది, ఈ ఏడన్నా వానలు మంచిగా పడాలని దండం పెట్టుకుంది, ఆ పలకను తట్టలో పెట్టుకుని కాలువకు నడిచింది. కాలువకు ఇంకా నీళ్లు వదల్లేదు. మొన్నటి వానకు నిలిచిన మడుగు ఒకటి ఉంటే, ఊళ్లోవాళ్ల ఎద్దులు అప్పటికే అందులో నానుతున్నాయి. తిరుపతమ్మ తన జోడును కూడా మడుగు అంచున దించి, చెంపలేసుకుని, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి, కడుపునిండా తిని పడుకుంది.

మూడింటికి ఇంటి ముందు ఆటో ఆగింది. శ్రుతి దిగింది, వెనకే బొమ్మల టీచర్ ప్రేమలత దిగింది. టీచర్ చేతిలో గడ్డి పరిచిన అట్టపెట్టె ఉంది. శ్రుతి ఉరుకుతూ కొట్టంలోకి పోయి, అంతే ఉరుకుతూ బయటికొచ్చింది.

"అవ్వా, కొట్టంల నా ఎద్దులేవి?"

"ఏవేందే? పూజ చేసి గంగమ్మకిచ్చి వచ్చిన గద."

"అవి గాదవ్వా! పూజ ఎద్దులు వంటింటి గూట్ల పెట్టిన. కొట్టంలయి నా పోటీ బొమ్మ!"

తిరుపతమ్మ వంటింట్లోకి పోయి చూసింది. గూట్లో పిడికెడంత ఎద్దులు రెండు, నాలుగు కాళ్ల మీద బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

"గూట్ల పెట్టిన అని నోరు తెరిచి చెప్పొద్దానే? నాకేమన్న కలొస్తదా?" అని అరుస్తూ బయటికొచ్చింది. తప్పు తనదైనప్పుడు తిరుపతమ్మ గొంతు ఇంకాస్త లేస్తుంది.

శ్రుతి కూడా తిరిగి అరిచి ఉంటే పీడా పోయేది. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. ఆటో పక్కన కింద కూలబడి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, ఎండాకాలం సెలవులన్నీ ఆ బొమ్మకే పెట్టింది," అంది ప్రేమలత మెల్లగా. "మూడుసార్లు పగిలితే మూడుసార్లూ మళ్లీ మొదలువెట్టింది. రేపు గద్వాలల పోటీ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల హైస్కూలు పిల్లలొస్తరు. మొదటి ముగ్గుర్ని హైదరాబాద్‌కు తోలి నెల దినాలు బొమ్మల పని నేర్పిస్తరు. మన బడి నుంచి పోయేది ఆ ఒక్క బొమ్మే."

తిరుపతమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా కాలువకు పరుగెత్తింది. వెనక శ్రుతి, ఆ వెనక టీచర్. మడుగు అంచున తాను దించిన చోటు ఆమెకు బాగా గుర్తు. అక్కడేమీ లేదు. చీర ఎగదోపుకుని నీళ్లలోకి దిగి బురదంతా దేవింది. ఎవరివో కొమ్ములు, ఎవరివో కాళ్లు చేతికి తగిలినట్టే తగిలి జారిపోయాయి.

"గంగమ్మ తల్లీ, ఇచ్చింది నేనే. తెల్వక ఇచ్చిన. జర వాపసియ్యే!" అని గట్టిగానే మొక్కుకుంది.

శ్రుతి ఒడ్డున నిలబడి చూసి, వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టింది. ఆ వీపును చూస్తుంటే తిరుపతమ్మకు ప్రాణం పోయినట్టయింది.

ముగ్గురూ మళ్లీ వాళ్ల వీధిలోకి వచ్చేసరికి ఎదురింటి సుల్తానాబీ గడపలో నిలబడి ఉంది. మేకలు కాసుకునే మనిషి, తిరుపతమ్మకు ముప్పై ఏళ్ల స్నేహం. ఆమె కొంగు నలుపుకుంటూ పిలిచింది.

"అక్కా, జర ఇటు రా. తిట్టనంటే ఒకటి చూపిస్త."

లోపల ఒక మూలన గంప బోర్లించి ఉంది. సుల్తానాబీ దాన్ని ఎత్తింది. కింద ఎద్దులున్నాయి! పలక అడుగు మెత్తబడింది, నిలబడ్డ ఎద్దు తోక లేదు, గిట్టలు కొంచెం కరిగాయి. ఉండటం మాత్రం ఉన్నాయి. శ్రుతి ఒక్క ఉరుకున వాటి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తిరుపతమ్మ గోడ పట్టుకుని నిలబడి, పోయిన ఊపిరి తెచ్చుకుంది.

"నువ్వట్ల పోయినవ్, నేను మేకల తోలుకొని ఇట్ల వచ్చిన," అంది సుల్తానాబీ. "మీ దేవునికిచ్చింది ముట్టొద్దని తెల్సక్కా. గానీ కర్రోడు నీళ్లల్ల కరిగిపోతుంటే నాకు చూడబుద్ధి గాలె."

"ఏ కర్రోడే?"

"అయ్యో, మీ నల్లెద్దు కర్రోడే! ఆ ఎడమ కొమ్ము చూడు, కిందికి వంగలేదా? ఈ నిలబడ్డోడు మీ తెల్లోడు. కర్రోడు పోయేముందర మూడు దినాలు లేవకుండ పడుకుంటే, తెల్లోడు గిట్లనే నాక్కుంట నిలబడె గద. నువ్వే గద నన్ను పిలిచి చూపించి ఏడ్చినవ్!"

తిరుపతమ్మ వంగి చూసింది. వంగిన కొమ్ము, ముడతలు పడ్డ మెడ, మూసీ మూయని కన్ను. కర్రోడే! పన్నెండేళ్లు తన చేత్తో కుడితి పెట్టిన ఎద్దు. పొద్దున దాని నుదుటి మీదే బొట్టు పెట్టింది, తట్టలో మోసుకుపోయింది, నీళ్లలో దించింది. అది కర్రోడని గుర్తుపట్టనే లేదు. సిగ్గుతో, సంతోషంతో ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. అక్కడే కూర్చుని బోరుమంది.

సుల్తానాబీ హడలిపోయింది. "తప్పు చేసిననా అక్కా?"

"తప్పు నాదే సుల్తానాబీ. గంగమ్మకు నేను చెప్పుకుంట. నీ చెయ్యి సల్లగుండ!"

దీపాలు పెట్టేదాకా శ్రుతి, ప్రేమలత తడిమట్టితో తోకా గిట్టలూ సరిచేస్తూనే ఉన్నారు. ఆరుతుందో పగులుతుందో టీచరే చెప్పలేకపోయింది. నుదుటి మీది కుంకుమ తుడవబోతే మట్టి లేచి వస్తోందని అలాగే వదిలేశారు. తిరుపతమ్మ గూట్లోని చిన్న ఎద్దుల్ని తెచ్చి, "ఇవేనా, కాలువకియ్యాల్నా?" అని అడిగింది. శ్రుతి ఆమె వైపు చూడకుండానే తలూపింది. రాత్రి బువ్వ కూడా గోడ వైపు తిరిగి నాలుగు మెతుకులు తిని లేచింది.

మర్నాడు గద్వాలకు పోతున్నంతసేపూ అట్టపెట్టె తిరుపతమ్మ ఒళ్లోనే ఉంది. ఇంకెవరికీ ఇవ్వనంది. గుంత వచ్చినప్పుడల్లా ఆటో నడిపే మస్తాన్‌కు తిట్లు పడ్డాయి. పాపం, ఆ గుంతలు అతను తవ్వినవి కావు. దిగి పెట్టె తెరిస్తే వెనక కాలి దగ్గర వెంట్రుకంత పగులు తప్ప అంతా బాగానే ఉంది.

హాల్లో నలభై దాకా బొమ్మలున్నాయి. గోపాల్‌పేట అబ్బాయి వేరుశనగ పొట్టుతో వాళ్ల తాత ముఖం చేశాడు. అలంపూర్ నుంచి అల్ఫియా అనే అమ్మాయి, వరదకు మిద్దెల మీదికెక్కిన జనాన్ని పెద్ద గుడ్డ మీద వేసి తెచ్చింది. తిరుపతమ్మ ఒక్కొక్కటీ చూస్తుంటే ఆమె ధైర్యం ఒక్కొక్క మెట్టే దిగింది. మార్కులు వేసే బట్టతల సారొకాయన ఎద్దుల దగ్గర వంగి చాలాసేపు చూశాడు.

"ఈ బొట్టు ఎందుకమ్మా?" అని అడిగాడు.

శ్రుతి జవాబిచ్చేలోపే వెనక నుంచి తిరుపతమ్మ తోసుకుని ముందుకొచ్చింది.

"నేనే పెట్టిన సారూ, తెల్వక పెట్టిన. పిల్లది ఏం జెయ్యలె. మార్కులు కోసేదుంటే నావి కొయ్యి!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. సారు నవ్వలేదు. వంగిన కొమ్మును వేలితో తాకీ తాకకుండా చూసి, "ఈ ఎద్దు లేదు కదా ఇప్పుడు?" అన్నాడు. శ్రుతి లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన ఏదో రాసుకుని పక్క బొమ్మ దగ్గరికి వెళ్లాడు.

రెండు గంటలకు పేర్లు చదివారు. మొదట అల్ఫియా. రెండోది శ్రుతి. మూడో పేరు తిరుపతమ్మ వినలేదు. ప్రేమలత వచ్చి ఆమె చేతులు పట్టుకుని ఊపేస్తోంది. "హైదరాబాద్ పోతుంది పెద్దమ్మా, మన పిల్ల హైదరాబాద్ పోతుంది!" అంటోంది. తిరుపతమ్మ గుండెల మీది బరువు సగం దిగింది. మిగతా సగం అలాగే ఉంది. నిన్న మూడు గంటల నుంచి ఆ పిల్ల తనతో ఒక్క మాట మాట్లాడలేదు.

శ్రుతి జనంలోంచి తోసుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో కాగితం. తిరుపతమ్మ రాత్రంతా కూడబెట్టుకున్న మాటలన్నీ మర్చిపోయింది. పిల్ల ఆ కాగితం మడిచి, తల ఎత్తింది.

"అవ్వా, ఆకలైతుంది."

తిరుపతమ్మకు ప్రాణం లేచొచ్చింది. సంచిలోంచి సద్ది మూట తీసింది గానీ, ముడి ఊడిరాలేదు. శ్రుతే మూట విప్పి, అక్కడే గోడ వారగా కూర్చుంది. తిరుపతమ్మ పక్కనే చతికిలబడి జొన్నరొట్టె తుంచి పిల్ల నోటికందించింది. శ్రుతి నమిలి మింగి, ఇంకో ముక్క కోసం నోరు తెరిచింది.